జింకల కోసం చెట్లు కోయడం గురించి

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ అమెరికాలోని మిషిగన్‌లో వేటగాళ్లు జింకల మేలు కోరి చెట్లు కోస్తారని రాస్తే, అదెలాగని అడిగారు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. ఇక్కడ లైసెన్సు తీసుకుని, అనుమతించిన రోజుల్లో వేటాడవచ్చు.

తెల్లతోక జింకకు నాలుగైదు అడుగుల ఎత్తు వరకే మేత అందుతుంది. చెట్లు ఏపుగా పెరిగి పైన కొమ్మలు కమ్ముకున్న అడవిలో నేలకు ఎండ తగలదు కనుక, దానికి తినడానికి చిగురూ ఉండదు, దాక్కోవడానికి తుప్పలూ ఉండవు. అందుకని కాయలు రాల్చే ఓక్ చెట్లను ఉంచి, ఎర్ర మేపుల్ వంటివాటిని చలికాలంలో తీస్తారు. పడిన కొమ్మల కొసలను జింకలు వెంటనే మేస్తాయి. వాటికి పైదవడ ముందుపళ్లు ఉండవు గనుక కొరికిన కొస పీచులుగా చిరిగి ఉంటుంది, అదే కుందేలు కొరికితే నున్నగా, ఏటవాలుగా తెగుతుంది.

కొందరు చెట్టును మొదలంటా నరకకుండా, మానును మూడింట రెండు వంతులకు పైగా కోసి పక్కకు వంచేస్తారు. తలుపు బందులా మిగిలిన ఆ పట్టీలోని లేత చెక్క వేళ్ల నుంచి నీరందిస్తున్నంత కాలం, ఒరిగిన చెట్టు జింకకు అందే ఎత్తులో చిగురిస్తూనే ఉంటుంది. వినడానికి బాగానే ఉంది గానీ, నాకు భయం కలిగించేది ఈ పద్ధతే. ముందే ఒక పక్కకు వాలిన చెట్టు సగం తెగేసరికి, పైబరువుకు మాను నిలువునా చీలి, వెనక చీలిక విసురుగా పైకి లేచి కోసేవాడి ముఖానికి తగలవచ్చు. యాష్ చెట్టు మరీ సులువుగా చీలుతుంది. ఆరంగుళాల లావు మించినదాన్నీ, వాలినదాన్నీ ఇలా కోయవద్దనే నేను చెబుతాను. మేపుల్‌ను పూర్తిగా నరికినా మోడు నుంచి గుత్తులుగా చిగురిస్తుంది కదా!

ఈ పనికి వాడేది మోటారుతో పళ్ల గొలుసు తిరిగే రంపం. దాన్ని నడపడానికి ముందు తలెత్తి, విరిగి వేలాడుతున్న ఎండుకొమ్మలు ఉన్నాయేమో చూడాలి. చెట్టు పడే దిక్కుకు వెనకగా, ఏటవాలుగా తప్పుకునే దారిని ముందే శుభ్రం చేసుకోవాలి. తోడు వచ్చినవారు చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో నిలబడాలి. రంపాన్ని భుజాల పైకి ఎత్తకూడదు, గొలుసు తిరిగే దాని బద్ద కొస పై అంచు చెక్కకు తగిలితే రంపం ఎగిరి మీదికే వస్తుంది. హెల్మెట్, ముఖానికి జాలీ, తొడలకు గొలుసును పట్టి ఆపే మందపాటి తొడుగు లేనిదే పనిలోకి దిగకూడదు. గాలి వీచే రోజున, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పని మానుకోవాలి.

ఇంకొక్క సంగతి. ఎండ పడగానే మొలిచేది మేతే కానక్కరలేదు. బక్‌థార్న్ అనే పరదేశపు పొద ముందుగా కమ్ముకుంటుంది. చెట్లు కోయకముందే దాన్ని వేళ్లతో సహా పీకించాలి.

మీ తాతయ్య