గుండెకు ఎవరూ చెప్పనక్కర్లేదు

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి, తాతయ్య ఆశీస్సులు.

మనం నిద్రపోతున్నప్పుడు గుండెను కొట్టుకోమని ఎవరు చెబుతారని మొన్న ఫోన్లో అడిగారు కదా. ఎవరూ చెప్పరు, మెదడు కూడా! కప్ప గుండెను బయటికి తీసి సరైన ఉప్పునీటిలో ఉంచితే, దానంతట అదే చాలాసేపు కొట్టుకుంటుంది.

ఆ ఉప్పునీటికి ఓ కథ ఉంది. 1880ల్లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టరు కప్ప గుండెల మీద ప్రయోగాలు చేసేవాడు. ఉప్పునీటిలో గుండె చక్కగా కొట్టుకునేది. తీరా ఆరా తీస్తే, అందులో వాడినవి స్వేదనజలం (ఆవిరిని చల్లార్చి తీసిన శుద్ధమైన నీరు) కాదు, కుళాయి నీళ్లని తేలింది. స్వేదనజలంతో కలిపి చూస్తే గుండె కాసేపటికే నీరసించి ఆగిపోయింది. తేడా అంతా కుళాయి నీళ్లలోని కాల్షియంది. ఆస్పత్రుల్లో ఎక్కించే 'రింగర్ లాక్టేట్' సెలైన్ ఆయన పేరు మీదే ఉంది.

ఇక గుండెను కొట్టించే కరెంటు సంగతి. గుండె కుడివైపు పై గదిలో ఎస్‌ఏ నోడ్ అనే చిన్న కణాల ముద్ద ఉంది. సోడియం, కాల్షియం అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) ఆ కణాల్లోకి చేరుతుంటే వాటిలో విద్యుత్ సంకేతం దానంతట అదే పుడుతుంది. పెద్దవాళ్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఇది నిమిషానికి 60 నుంచి 100 సార్లు జరుగుతుంది. ఆ సంకేతానికి ముందు పై గదులు ముడుచుకుంటాయి. కింది గదులకు వెళ్లే దారిలో ‘ఏవీ నోడ్’ అనే మరో కణాల ముద్ద దాన్ని సెకనులో పదో వంతు సేపు ఆపుతుంది. నాకు బాగా నచ్చేది ఈ ఆలస్యమే. అది లేకపోతే పై గదుల్లోని రక్తం పూర్తిగా కిందికి దిగకముందే కింది గదులు బిగుసుకునేవి. ఈ నోడ్‌ను 1906లో వివరించింది జర్మనీలో చదువుకుంటున్న జపాన్ డాక్టరు సునావో తవారా.

ఇంకో విశేషం. ఒకసారి ముడుచుకున్న గుండె కండరం, దాదాపు వదులయ్యేదాకా కొత్త సంకేతాన్ని పట్టించుకోదు. అందుకే పిక్క పట్టేసినట్టు గుండె పట్టేయదు.

మరి పరీక్ష హాల్లో టెన్షన్‌కి గుండె దడదడలాడేది ఎందుకంటారా? నరాలు వేగాన్ని పెంచగలవు, తగ్గించగలవు. అంతవరకే వాటి పని. గుండె మార్పిడి చేసేటప్పుడు ఆ నరాలు తెగిపోతాయి, అయినా కొత్త గుండె కొట్టుకుంటుంది. కాకపోతే అలాంటివాళ్లు మెట్లెక్కితే గుండె వెంటనే వేగం అందుకోదు. అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలో కలిసి గుండెదాకా రావాలి. అందుకే వాళ్లను వ్యాయామం మెల్లగా మొదలుపెట్టమంటారు డాక్టర్లు.

ఉంటాను,
మీ తాతయ్య