వైడ్ క్యారెక్టర్ పెట్టినా కర్సర్ తప్పుతోందా?

టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే అక్షరాల తెరలో) పనిచేసే లైన్ ఎడిటర్లకు, అంటే ఒక్కో వరుస కొట్టి దిద్దుకునే ప్రోగ్రాంలకు, మరమ్మతు చేయడం నా పని. నల్లగొండలో నా దగ్గర నేర్చుకుని వెళ్లిన పిల్లల నుంచి నెలకు ఒక్క ఫోనైనా వస్తుంది: "సార్, మామూలు ఛార్ తీసేసి అంతటా వైడ్ ఛార్ పెట్టాను. అయినా తెలుగు కొడితే కర్సర్ ఎక్కడికో పోతోంది." ఛార్ అంటే సి భాషలో అక్షరాన్ని దాచే గది, మామూలుది ఒక బైటు. వైడ్ ఛార్, అంటే వైడ్ క్యారెక్టర్, అంతకంటే పెద్ద గది.

అపోహ: వైడ్ ఛార్ ఒకటంటే అక్షరం ఒకటి.

వాస్తవం: ఇది ఎవరు పుట్టించారో కానీ, వారాలకు వారాలు మింగేస్తోంది. మన ఊరి పేరే తీసుకోండి. "నల్లగొండ" కంటికి నాలుగక్షరాలు: న, ల్ల, గొం, డ. యూనికోడ్‌లో పొల్లు, ఒత్వం, సున్న దేనికది వేరు కాబట్టి 8 సంకేతాలు, అంటే ఒక్కో గుర్తుకు యూనికోడ్ ప్రమాణం ఇచ్చిన సంఖ్యలు. ఆ సంకేతాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో 24 బైట్లు. తెర మీద ఎన్ని గడులు పడుతుందన్నది నాలుగో లెక్క. అక్కడ సున్నకు ఒక వెడల్పు పట్టిక గడి కేటాయిస్తుంది, మరో పట్టిక కేటాయించదు. వైడ్ ఛార్ వీటిలో రెండో లెక్క ఒక్కటే తేలుస్తుంది.

అదీ లినక్స్‌లో, వైడ్ ఛార్‌కు 32 బిట్లు ఉంటాయి కనుక. విండోస్‌లో ఉన్నవి 16. తెలుగంతా ఆ పదహారులో ఇమిడిపోతుంది కాబట్టి పరీక్షలో ఏ లోపమూ బయటపడదు. తరువాత ఎవరో ఒక నవ్వు ఎమోజీ పెడతారు, అది పదహారులో పట్టక రెండు వైడ్ ఛార్లు తీసుకుంటుంది, బ్యాక్‌స్పేస్ అందులో సగం కోసేసి ఊరుకుంటుంది.

నా మటుకు నేను కర్సర్‌ను అక్షరం చొప్పున నడిపిస్తాను, బ్యాక్‌స్పేస్‌ను సంకేతం చొప్పున. ఒత్వం తప్పు పడిందని "గ" కూడా మళ్లీ ఎందుకు కొట్టాలి? అయితే 2023లో యూనికోడ్ 15.1 వచ్చేదాకా ప్రమాణమే "ల్ల"ను రెండు ముక్కలుగా చూసేది. మీ ప్రోగ్రాం వాడుకునే రెడీమేడ్ కోడ్, అంటే లైబ్రరీ, అంతకంటే పాతదైతే ఇప్పటికీ అలాగే చూస్తుంది.

నేనూ దెబ్బ తిన్నాను. "మహబూబ్‌నగర్"లో "బ్" తరువాత కంటికి కనపడని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. అది లేకపోతే "బ" కింద న-వత్తు వచ్చి చేరుతుంది. ఆ గుర్తు దగ్గర కుడి బాణం ఒకసారి నొక్కితే కర్సర్ కదలడం లేదని, మీట చెడిందనుకుని ఒక కుర్రాడు కీబోర్డే మార్చేశాడు. తప్పు నా కోడ్‌లో ఉంది. కీబోర్డు డబ్బులు నేనే ఇచ్చాను.

అపోహ: మంచి ఫాంట్ వేస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: ఫాంట్ బొమ్మ గీస్తుంది, అంతే. అక్షరాల చోట పెట్టెలు కనిపిస్తే ఫాంట్ వేయండి.

అపోహ: అంకెలు, గీతలు కనిపిస్తే ఫైలు పోయినట్టే.

వాస్తవం: ఒక రాత్రి మిర్యాలగూడ నుంచి, బియ్యం మిల్లులో లెక్కలు రాసే అమ్మాయి ఏడుస్తూ ఫోను చేసింది. ఫైళ్ల పేర్లన్నీ \340\260\250 లాగా మారిపోయాయట, పాడైపోయాయని తొలగించబోతోంది. "ఏదీ ముట్టుకోవద్దు తల్లీ" అన్నాను. ఆ మూడు సంఖ్యలు "న"కు ఉండే మూడు బైట్లే. లొకేల్ అంటే ఏ భాష, ఏ అక్షర సంకేతాలు వాడాలో చెప్పే అమరిక. యంత్రం ఇంగ్లీషుకే సరిపోయే "సి" లొకేల్‌లో ఉండిపోయి వాటిని అక్షరంగా గుర్తించలేదు. ప్రోగ్రాం మొదట్లో ఆ అమరికను అందుకునే సెట్‌లొకేల్‌ను పిలవడం మరిచిపోయినా ఇంచుమించు ఇదే గతి. యూటీఎఫ్-8 లొకేల్ పెట్టించి, జాబితా మళ్లీ చూడమన్నాను. కాసేపు మాట లేదు. తరువాత మొదటి పేరు పైకి చదివింది: "నవంబరు ధాన్యం."