"సీటు రాలేదు" అన్నాక ఇంకేముంది? కొన్ని అపోహలు - వాస్తవాలు

పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ మొదలైతే మా కాలేజీ హెల్ప్‌లైన్ సెంటర్ అవుతుంది. ప్రవేశ పరీక్ష పేరు ఎప్‌సెట్‌గా మారినా మా దగ్గర అందరి నోటా ఇంకా ఎంసెటే. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ బల్ల వెనకాల కూర్చుని ఏటా వినే మాటలివి. తెలంగాణ లెక్కలో రాస్తున్నాను; ఆంధ్రాలో కొన్ని నిబంధనలు వేరు.

అపోహ: మొదటి విడతలో రాకపోతే ఇక రాదు.

ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల ర్యాంకు నలభై వేలు దాటింది, సీటు రాలేదు. ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో వరుసగా పెట్టుకునే ఆప్షన్ల ప్రింటు తీసి చూస్తే ఏడే ఉన్నాయి. అన్నీ హైదరాబాద్‌లో పేరున్న కాలేజీలే, అన్నీ సీఎస్‌ఈయే (కంప్యూటర్ సైన్స్). "ఎక్కువ పెడితే చిన్న కాలేజీలో పడేస్తరట సార్, నెట్ సెంటర్ ఆయన చెప్పిండు" అన్నాడు.

ఈ ఒక్క మాట వల్ల పోయినన్ని సీట్లు ర్యాంకు వల్ల కూడా పోలేదేమో అనిపిస్తుంది నాకు. మీ ర్యాంకు వంతు రాగానే కంప్యూటర్ మొదటి ఆప్షన్ నుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. మీకు సీటున్న మొదటి చోట ఆగిపోతుంది. అరవయ్యో ఆప్షన్ ఉన్నంత మాత్రాన మూడోది వచ్చే అవకాశం తగ్గదు. కాబట్టి ఎన్నైనా పెట్టండి, వరుస మాత్రం మీ ఇష్టాన్ని బట్టే ఉండాలి. రాదేమోనన్న భయంతో చిన్న కాలేజీని పైన పెడితే అదే వచ్చి కూర్చుంటుంది.

రెండో విడతలో సీట్లు ఎక్కడి నుంచి వస్తాయంటే, ఐఐటీలకూ ఎన్‌ఐటీలకూ వెళ్లేవాళ్లు వదిలేసినవి. ఆ పిల్ల ఈసారి అరవైకి పైగా పెట్టింది, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చింది. ఇప్పటికే సీటున్నవాళ్లు మాత్రం జాగ్రత్త. తర్వాతి విడతలో కొత్తది వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. చేతిలో ఉన్నదాని కంటే మంచివే పెట్టాలి.

అన్నీ అయ్యాక మిగిలేది స్పాట్ అడ్మిషన్. దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఆ లెక్క ఇంట్లో ముందే వేసుకోండి.

అపోహ: ఇంటర్ తప్పితే ఏడాది పోయినట్టే.

అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉన్నదే అందుకు. అందులో పాసైనవాళ్లూ అదే ఏడాది కౌన్సెలింగ్‌కు వస్తారు. తెలంగాణలో 2023 నుంచి ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కులు కలపరు. ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం మార్కులు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం ఉంటే చాలు.

అపోహ: డిప్లొమా అంటే చదువు రానివాళ్లకు.

నా అన్నం ముద్ద ఇదే కాబట్టి పక్షపాతం ఉందనుకున్నా సరే, లెక్క చూడండి. పది తర్వాత డిప్లొమా మూడేళ్లు. ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరి ఇంకో మూడేళ్లు. మొత్తం ఆరు. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు కలిపినా ఆరే! ఈసెట్‌లో 200 మార్కులు. అందులో వంద సొంత బ్రాంచి నుంచి, 50 మ్యాథ్స్, ఫిజిక్స్ కెమిస్ట్రీ చెరో 25. మావాళ్లు దెబ్బతినేది మ్యాథ్స్‌లోనే. మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినవాళ్లూ ఈసెట్ రాయొచ్చన్న సంగతి చాలామంది డిగ్రీ పిల్లలకు తెలియదు.

అపోహ: ఓపెన్ డిగ్రీ చెల్లదు.

యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ అనుమతి ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని 2022లో యూజీసీయే మళ్లీ స్పష్టం చేసింది. మన అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982లో పెట్టింది, ఓపెన్ యూనివర్సిటీల్లో దేశంలో మొదటిది. ఇంజనీరింగ్ మాత్రం దూరవిద్యలో కుదరదు, 2017లో సుప్రీంకోర్టే కాదంది. "ఇంట్లో కూర్చుని బీటెక్" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ సంగతి వేరు. దానికి ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ అనే అర్హత పరీక్ష పాసైతే సీటిస్తారు.

అపోహ: చిన్న కాలేజీలో చేరితే జీవితాంతం అదే ముద్ర.

పీజీకి వేరే ప్రవేశ పరీక్షలున్నాయి: గేట్ రాసి ఐఐటీలో ఎంటెక్, జామ్ రాసి ఎమ్మెస్సీ, సీయూఈటీ పీజీతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. వీటి ర్యాంకులో మీ డిగ్రీ కాలేజీ పేరుకు మార్కులేమీ లేవు.

అపోహ: ముందు ఏదో ఒక కాలేజీలో ఒరిజినల్స్ ఇచ్చి సీటు పట్టుకుంటే మంచిది.

ఒరిజినల్స్ చూసి తిరిగివ్వాలి తప్ప కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ రెండూ చెప్పాయి. అయినా పెట్టుకుంటారు. ఒకసారి చివరి విడతలో మంచి సీటొచ్చిన కుర్రాడు ఉత్త జిరాక్సులతో వచ్చాడు. మెమోలన్నీ ఒక ప్రైవేటు కాలేజీ బీరువాలో ఉన్నాయి. మొత్తం ఫీజు కడితేనే ఇస్తామన్నారట. ఏఐసీటీఈ నిబంధన ప్రింటు తీసి, దానికి ఒక దరఖాస్తు జోడించి, రసీదు తీసుకోమని చెప్పి పంపాను. రిపోర్టింగ్‌కు ఆఖరి రోజు సాయంత్రం నాలుగింటికి కవరు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.