మే ఎండలో నల్లబడిన బండి మీటరు

రేణిగుంట రోడ్డులో మిట్టమధ్యాహ్నం ఎండకు ఆపిన బండి మీటరు పూర్తిగా నల్లబడిందని, నీడకు తెచ్చాక అంకెలు తిరిగొచ్చాయని తిరుపతి పాఠకుడొకరు రాశారు. మీటరు పాడవలేదు. అందులో అంకెలు చూపే లిక్విడ్ క్రిస్టల్ అనే పదార్థం కాసేపు మామూలు ద్రవమైపోయింది, అంతే.

తిరుమల క్యూలైన్ తలుచుకోండి. జనం కదులుతూనే ఉంటారు, పక్కవాళ్లు మారుతుంటారు, అయినా అందరి ముఖాలూ ఒకే వైపు. పొడుగాటి అణువులు ఇలా జారుతూనే ఒకే దిక్కుగా ఉంటే అది నెమాటిక్ దశ. ఒకే దిక్కున కంపించే వెలుగునే దాటనిచ్చే రెండు పోలరాయిడ్ పలకల మధ్య వెలుగును మెలితిప్పి దాటించేది ఆ వరసే. వేడి హద్దు దాటితే వరస ఒక్కసారిగా చెదురుతుంది, తెర నలుపవుతుంది.

ఈ హద్దును కళ్లారా చూడడానికి ఎంబీబీఏ అనే లిక్విడ్ క్రిస్టల్‌ను మించింది లేదు. 1969లో జర్మనీలో హాన్స్ కెల్కర్ బృందం చేసిన ఈ పదార్థం సుమారు 21 నుంచి 47 డిగ్రీల దాకా నెమాటిక్. అంటే తిరుపతి ఎండాకాలానికీ తట్టుకుంటుంది.

ల్యాబ్‌లో దీన్ని చేయడానికి కావలసినవి: పారా-ఆనిసాల్డిహైడ్ 6.8 గ్రాములు, పారా-బ్యూటైల్ఆనిలిన్ 7.5 గ్రాములు, టోలుయీన్ 50 మిల్లీలీటర్లు, చిటికెడు పారా-టోలుయీన్ సల్ఫోనిక్ ఆమ్లం. ఆనిలిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది కనుక గ్లవ్స్, ఫ్యూమ్ కప్‌బోర్డు తప్పనిసరి. సీసాలో ఆనిలిన్ ముదురు గోధుమరంగుకు తిరిగి ఉంటే ముందు డిస్టిల్ చేయాలి. నీటిని విడిగా పట్టే డీన్-స్టార్క్ గొట్టం బిగించి రిఫ్లక్స్ చేస్తే, అంటే ఆవిరి చల్లబడి మళ్లీ కిందికే వచ్చేలా మరిగిస్తే, మొదటి రెండూ కలిసేటప్పుడు పుట్టే నీరు గొట్టం అడుగున చేరుతుంది. 0.9 మిల్లీలీటరు చేరిందంటే చర్య ముగిసినట్టే. టోలుయీన్ తీసేసి, మిగిలినదాన్ని వాక్యూమ్‌లో డిస్టిల్ చేస్తే తేటగా దిగి, చల్లారాక పసుపు కలిపిన గంజిలా మసకబారుతుంది.

నీటి మీద ఇంత పట్టు ఎందుకంటే, ఈ చర్య వెనక్కీ నడుస్తుంది. అణువు నడుమున ఉన్న కార్బన్-నైట్రోజన్ జంట బంధాన్ని నీరు తెంపేస్తుంది. తెగిన పొట్టి ముక్కలు వరసలో దూరి పక్కవాటి దిక్కునూ చెడగొడతాయి. నవంబరు ముసురులో నాలుగుసార్లు మూత తీస్తే చాలు, హద్దు 47 నుంచి కిందికి జారుతుంది. మూతలో తేమను పీల్చే కాల్షియం క్లోరైడ్ గొట్టం ఉండాలి. చలికాలం తెల్లవారుజామున సీసా సగం గడ్డకడితే, గోరువెచ్చగా పూర్తిగా కరిగించి కలిపాకే బొట్టు తీయాలి. మలినాలన్నీ గడ్డకట్టని భాగంలోనే పోగవుతాయి.

1973లో ఇంగ్లండులోని హల్‌లో జార్జ్ గ్రే బృందం ప్రకటించిన 5సీబీ అనే మరో లిక్విడ్ క్రిస్టల్‌లో నీటికి తెగే ఆ బంధమే లేదు. కానీ దాని హద్దు 35 డిగ్రీలే. మే నెలలో ఏసీ లేని గదిలో అది సీసాలోనే నీళ్లలా తేటపడుతుంది. అందుకే మీటర్లలో రకరకాల అణువులు కలిపి హద్దును 70, 80 డిగ్రీలకు నెడతారు. ఎండలో కాలిన నల్ల ప్లాస్టిక్ కింద ఆ బండి మీటరు అంత వేడినీ అందుకుంది.