స్క్రీన్ మీద మారే పొడవు, ఉక్కులో బిగుసుకున్న వెడల్పు: చిన్న బ్యాచ్‌ల ప్యాకింగ్ యంత్రాల నేపథ్యం

నిమిషానికి 60 ప్యాకెట్లు కట్టే మెషీన్‌కు 1,200 ప్యాకెట్ల బ్యాచ్ ఇరవై నిమిషాల పని. ఆ బ్యాచ్ ముగిశాక కడగడానికి, భాగాలు మార్చడానికి, కొత్త ఫిల్మ్ ఎక్కించి సీలు కుదుర్చుకోవడానికి 70 నిమిషాలు పడితే, గంటన్నరలో మెషీన్ నడిచింది ఇరవై నిమిషాలే. వేగం రెట్టింపు చేస్తే మిగిలేది పది నిమిషాలు. ఆ 70 నిమిషాల మార్పిడి పని, అంటే చేంజ్‌ఓవర్, సగమైతే 35. లెక్క ఇంత తేలికైనా, ఈ రంగం చాలాకాలం వేగం వెంటే పరుగెత్తింది. మొదట్లో ఆ పరుగులో తప్పేమీ లేదు.

సెల్లోఫేన్‌కు తేమ చొరబడని పూత 1927లో అమెరికా రసాయన కంపెనీ డ్యూపాంట్‌లో విలియం హేల్ చార్చ్ చేతిలో కుదిరింది. అప్పటినుంచి ఆ కాగితంలో తినే సరుకు ధైర్యంగా చుట్టడం మొదలైంది. 1936లో వాల్టర్ జ్వోయర్ నిలువు ప్యాకింగ్ మెషీన్‌కు పేటెంటు తీసుకున్నాడు. రోల్ నుంచి వచ్చే ఫిల్మ్ ఒక కాలర్ మీదుగా వంగి గొట్టం చుట్టూ చుట్టుకుంటుంది. వెనక నిలువు సీలు పడుతుంది, కింద జాలు (వేడి దవడలు) అడ్డ సీలు వేస్తాయి, సరుకు గొట్టంలోంచి జారుతుంది, కత్తి తెంపుతుంది. నేటి నిలువు మెషీన్లలోనూ ఎముకల గూడు ఇదే.

ఆనాటి మెషీన్లకు ఒక్కటే పెద్ద మోటారు, పొడవాటి షాఫ్టు, దాని మీద క్యామ్‌లు (తిరుగుతూ భాగాల్ని నెట్టే వంకర చక్రాలు). జా ఎప్పుడు మూసుకోవాలి, ఫిల్మ్ ఎంత లాగాలి అన్నది క్యామ్ ఆకారంలోనే చెక్కి ఉంటుంది. ప్యాకెట్ పొడవు మారాలంటే క్యామో గేరో మార్చాలి, లేదా లివరు తిప్పి మళ్లీ టైమింగ్ కుదర్చాలి. నెలల తరబడి ఒకే సరుకు నడిచే ఫ్యాక్టరీకి అది బాధ కాలేదు. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో మొదలైన టెట్రాపాక్ మెషీన్ కట్టింది కూడా ఒకే ఆకారం, నాలుగు ముఖాల పొట్లం. దాని చుట్టూ ప్లాంటు మొత్తాన్ని అల్లుకోవడమే ఆనాటి తెలివి.

చేంజ్‌ఓవర్‌ను ఒక ఇంజినీరింగ్ సమస్యగా మొదట తీసుకున్నది ప్యాకింగ్ వాళ్లు కాదు. జపాన్‌లో షిగియో షింగో 1950లో తోయో కోగ్యో (నేటి మాజ్డా) ప్రెస్ షాపులో ఒక తేడా గమనించాడు: కొన్ని పనులు మెషీన్ ఆగితేనే జరుగుతాయి, కొన్ని అది నడుస్తుండగానే సిద్ధం చేసుకోవచ్చు. 1969లో టయోటాలో 1,000 టన్నుల ప్రెస్ మీద నాలుగు గంటల డై (రేకుకు ఆకారమిచ్చే అచ్చు) మార్పిడిని ముందు గంటన్నరకు, తర్వాత మూడు నిమిషాలకు తెచ్చాడు. ప్యాకింగ్ గదిలో అదే సూత్రానికి అర్థం: రెండో ఫార్మింగ్ సెట్ (గొట్టం, కాలర్ జత) ముందే కడిగి బండి మీద ఉండాలి, రెండో ఫిల్మ్ రోల్ షాఫ్టు మీద ఎక్కి ఉండాలి, బోల్టు బదులు చేత్తో తిప్పే క్లాంపు ఉండాలి. ఒక్క భాగానికైనా పానా కావాల్సి వస్తే, దాన్ని వెతకడానికి పట్టే సమయమూ చేంజ్‌ఓవర్‌లోకే వస్తుంది.

1969లో జనరల్ మోటార్స్ కోసం వచ్చిన మోడికాన్ 084తో రిలేల (విద్యుత్ స్విచ్చుల) అల్మారాల స్థానంలోకి పీఎల్‌సీ, అంటే మెషీన్‌ను ప్రోగ్రామ్‌తో నడిపే చిన్న కంప్యూటరు, అడుగుపెట్టింది. ఆ తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో చెప్పినంతే కచ్చితంగా తిరిగే సర్వో మోటార్లు షాఫ్టునే తీసేశాయి. ఫిల్మ్ లాగే బెల్టుకు ఒక సర్వో, జాకు ఒకటి, వాటిమధ్య లంకె సాఫ్ట్‌వేర్‌లో. ఆ దెబ్బతో ప్యాకెట్ పొడవు స్క్రీన్ మీద ఒక అంకె అయిపోయింది. ముందే దాచిన సెట్టింగుల జాబితా, అంటే రెసిపీ, ఎంచుకుంటే చాలు.

వెడల్పు మాత్రం ఉక్కులోనే ఉండిపోయింది. 100 మి.మీ. వెడల్పు ప్యాకెట్‌కు గొట్టం చుట్టుకొలత 200 మి.మీ., అంటే వ్యాసం సుమారు 64. 150 మి.మీ. ప్యాకెట్‌కు సుమారు 95. నిలువు సీలుకు 20–30 మి.మీ. కలుపుకుంటే మొదటిదానికి ఫిల్మ్ వెడల్పు 220–230 కావాలి. కాలర్ వంపు ఆ గొట్టానికే అతికినట్టు చేసి ఉంటుంది. ఒక మి.మీ. తేడా వచ్చినా ఫిల్మ్ ముడతపడుతుంది, లేదా ఒక పక్కకు జారి నిలువు సీలు తప్పుతుంది. ‘అన్ని సైజులూ ఒకే మెషీన్‌లో’ అనే ప్రకటన కనబడితే అడగాల్సింది ఒకటే: ఎన్ని ఫార్మింగ్ సెట్లు, ఒక్కో సెట్ బరువెంత? ఇద్దరు మోయాల్సిన సెట్ ఉంటే ఆపరేటరు వెడల్పు మార్చడం మానేసి, పెద్ద ప్యాకెట్‌లోనే తక్కువ సరుకు నింపుతాడు. తప్పు అతనిది కాదు. చిన్న బ్యాచ్‌లవాళ్లు రెండే వెడల్పులకు కట్టుబడి, మిగతా తేడా అంతా పొడవులో చూసుకోవడం మేలు.

తూకం దగ్గరా ఇలాంటి పేచీయే. 1972లో జపాన్‌లో ఇషిడా కంపెనీ మల్టీహెడ్ వేయింగ్ మెషీన్ తెచ్చింది. ఒకదానికొకటి సైజు కలవని పచ్చి క్యాప్సికంలను తూచడానికి పుట్టిందది. విడివిడిగా తూచే 14 హెడ్లలో నాలుగేసి కలిపి చూస్తే 1,001 కలయికలు, వాటిలో లక్ష్యానికి దగ్గరగా ఉన్నది కంప్యూటరు ఎంచుతుంది. సరుకు మారితే సెట్టింగ్ మారుతుంది, అంతే. కానీ హెడ్డుకు రెండు చొప్పున 28 డబ్బాలు, పైన 14 వైబ్రేటర్ పళ్లేలు విప్పి కడిగి ఆరబెట్టాలి. పల్లీ తర్వాత పల్లీ పడనివాళ్లు తినే సరుకు కట్టాలంటే ఇందులో ఒక్కటీ వదలడానికి లేదు. రోజుకు నాలుగైదు సరుకులు మారేచోట 14 హెడ్ల కన్నా రెండు లేదా నాలుగు తొట్ల లీనియర్ వేయర్ (వరుసగా తూచే సాదా మెషీన్) నెమ్మదైనా గెలుస్తుంది. పొడులకైతే ఆగర్: స్క్రూ ఒక చుట్టుకు దించే ఘనపరిమాణాన్ని పొడి సాంద్రతతో, చుట్ల సంఖ్యతో గుణిస్తే బరువు. పైనున్న హాపర్ (పొడి నింపే తొట్టి)లో మట్టం పడిపోతే పొడి వదులై బరువు తగ్గుతుంది. చిన్న బ్యాచ్ చివర ఇది ప్రతిసారీ ఎదురవుతుంది.

కడగడానికి వీలుగా కట్టడమన్న శాస్త్రానికి యూరప్‌లో 1989లో ఏర్పడిన ఈహెచ్‌ఈడీజీ (ఆహార యంత్రాల శుభ్రమైన డిజైన్ కోసం పనిచేసే బృందం) ఒక రూపమిచ్చింది. సరుకు తాకే ఉపరితలం గరుకుదనం 0.8 మైక్రాన్లు దాటకూడదు, లోపలి మూలలు గుండ్రంగా ఉండాలి, సరుకు వైపు మరలు బయటపడకూడదు. విడివిడి భాగాలుగా (మాడ్యూళ్లుగా) కట్టే మాడ్యులర్ డిజైన్‌తో దీనికి నేరుగా గొడవ. ఎన్ని భాగాలుగా విడగొడితే అన్ని అతుకులు, ప్రతి అతుకులో ఒక గాస్కెట్ (రబ్బరు బిళ్ల), దాని వెనక చేరే పొడి. సరుకు దారిలో అతుకులు తగ్గించి, దారి బయట ఎన్నయినా పెట్టుకోవాలన్నది మా పక్షపాతం.

మాడ్యూల్ విడిగా వచ్చి మళ్లీ అదే చోట కూర్చోవాలంటే రెండు పిన్నులు చాలు: ఒకటి గుండ్రం, ఒకటి డైమండ్ ఆకారం. రెండూ గుండ్రమైతే చిన్న తేడాకే ఇరుక్కుంటాయి. చక్రాల మీద తోసుకొచ్చిన తూకం మాడ్యూల్‌ను లెవెల్ కాళ్ల మీదికి దించాలి. దాన్ని జా ఉన్న ఫ్రేముకే బిగిస్తే, జా మూసుకున్న ప్రతిసారీ లోడ్ సెల్ (బరువు కొలిచే సెన్సరు) అదురు కూడా తూచేస్తుంది. ఎమర్జెన్సీ స్టాప్ మరో చిక్కు. ఒక మాడ్యూల్ తీసేస్తే సేఫ్టీ సర్క్యూట్ తెగుతుంది, లైను కదలదు. ఎవరో వైరుతో షార్ట్ చేసి నడిపిస్తారు. దానికి డమ్మీ ప్లగ్గును డిజైన్‌లోనే ఇవ్వాలి, తీసేసినచోట గార్డు తలుపు కూడా ఉండాలి.

మెషీన్ల మధ్య మాట కలపడానికి 1995 నాటి ఐఎస్‌ఏ-88 బ్యాచ్ ప్రమాణం, దాని మీద 2008లో వచ్చిన ప్యాక్‌ఎంఎల్ సాంకేతిక నివేదిక దారి వేశాయి. ఆగింది, మొదలవుతోంది, నడుస్తోంది, పట్టి ఉంచింది వంటి స్థితులకు అందరూ ఒకే పేర్లు వాడితే, వేర్వేరు తయారీదార్ల మాడ్యూళ్లు ఒకదాని వెనక ఒకటి నిలబడగలవు.

ఏ స్క్రీనూ చూపించని నష్టం ఫిల్మ్‌ది. రోల్ నుంచి జా దాకా దారిలో 4 మీటర్ల ఫిల్మ్ ఉంటే, 200 మి.మీ. ప్యాకెట్‌కు అది ఇరవై ప్యాకెట్లు. 400 ప్యాకెట్ల బ్యాచ్‌లో మొదలుకాకముందే ఐదు శాతం చెత్తకు. పాత ఫిల్మ్ తోకకు కొత్తది టేపుతో అతికించి లాగితే దారి ఎక్కించే పని తప్పుతుంది కానీ మీటర్లు తప్పవు. అచ్చు లేని ఒకే ఫిల్మ్ ఉంచుకుని, పేరూ తేదీ మెషీన్ మీదే థర్మల్ ప్రింటరుతో వేస్తే రోల్ మార్చాల్సిన పనే ఉండదు.

బ్యాచ్‌ల వరుస కూడా డిజైన్‌లో భాగమే. జాను 140 నుంచి 170 డిగ్రీలకు వేడెక్కించడం త్వరగా అయిపోతుంది. చల్లార్చే ఏర్పాటు సాధారణంగా ఉండదు కాబట్టి దిగడానికి చాలాసేపు పడుతుంది. కాబట్టి రోజు తక్కువ వేడి ఫిల్మ్‌తో మొదలవ్వాలి. అలర్జీ లెక్క ప్రకారం పల్లీ, పాలు ఉన్నవి చివరికి పోవాలి. రెండు వరుసలూ ఢీకొన్నప్పుడు అలర్జీదే పైచేయి. ఆ రోజుల కోసం రెండో జా సెట్‌ను విడిగా వేడిచేసి ఉంచుకునే చోటు ఫ్రేములో ముందే వదలాలి.

కొనేముందు తయారీదారు షెడ్డులో చేసే పరీక్షలో ఎక్కువమంది గంటసేపు ఒకే సరుకు నడిపించి చూస్తారు. నడిపించాల్సింది ‘అ’ నుంచి ‘ఆ’కు, మళ్లీ ‘అ’కు. మీ ఫిల్మ్‌తో, మీ ఆపరేటరు చేత, కడగడంతో సహా. గడియారం మొదలయ్యేది ‘అ’లో ఆఖరి మంచి ప్యాకెట్ దగ్గర, ఆగేది ‘ఆ’లో బరువూ సీలూ సరిపోయిన మొదటి ప్యాకెట్ దగ్గర. పారేసిన ప్యాకెట్లు లెక్కబెట్టి ఆ అంకెను కూడా ఒప్పందంలో రాయించుకోవాలి.