అర్ధరాత్రి రోడ్డు ఖాళీగా ఉండదు

శుక్రవారం సాయంత్రం ఆరు దాటిందంటే మా షాపు ముందు బైకులు బారులు తీరతాయి. చైన్‌కి లూబ్ కొట్టాలి, గాలి చూడాలి, బ్రేకు బిగించాలి. వెనక సీటు మీద టెంటు సంచి బంగీ తాళ్లతో కట్టేసి ఉంటుంది. ఎక్కడికి అంటే అనంతగిరి, కోట్‌పల్లి, సోమశిల, కాదంటే ఎవరో చెప్పిన ఊరి చెరువు గట్టు. ఎన్నింటికి బయల్దేరుతున్నారని అడుగుతా. చాలామంది నుంచి ఒకటే జవాబు: "రాత్రి ఒంటిగంటకి అన్నా. ట్రాఫిక్ ఉండదు కదా, సూర్యుడు వచ్చేసరికి అక్కడుంటాం."

నేను మెకానిక్‌ని. నెలకోసారి మా కస్టమర్లతో పాటు రైడుకి కూడా వెళ్తా, అందరికంటే వెనక, పానాల సంచితో. పద్నాలుగేళ్లుగా వెనక నుంచే చూస్తున్నా కాబట్టి ఎవరు ఎక్కడ పడతారో, ఎందుకు పడతారో నాకు కాస్త తెలుసు. ఈ "ట్రాఫిక్ ఉండదు" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

హైవే మీద ట్రాఫిక్ ఉండదు, నిజమే. మీరు వెళ్తున్నది హైవే మీద కాదుగా? వికారాబాద్ దారిలో మన్నెగూడ దాటి ఊళ్ల రోడ్డెక్కాక రాత్రిపూట ఉండేవేంటో చెప్తా. టెయిల్ లైటు లేని ట్రాక్టరు ట్రాలీ. రోడ్డు మధ్యలో వెచ్చగా ఉందని పడుకున్న బర్రె. ఊరు మొదట్లో, ఊరు చివర్లో, బడి ముందు, గుడి ముందు, ఎవరింటి ముందు వాళ్లు వేయించుకున్న స్పీడ్ బ్రేకర్లు. వాటి మీద తెల్ల గీత ఎప్పుడో చెరిగిపోయి ఉంటుంది. ఇంక నవంబరు, డిసెంబరు నెలల్లోనూ, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లోనూ వడ్లు.

వడ్ల సంగతి పట్నం పిల్లలకి అర్థం కాదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే కాంటా వేయరు. కోత మిషన్ నుంచి దిగిన వడ్లు అంతకంటే పచ్చిగా ఉంటాయి. కల్లం లేని రైతు ఎక్కడ ఆరబెట్టుకోవాలి? తారు రోడ్డే దొరుకుతుంది. పగలు పల్చగా ఆరబోస్తాడు, పొద్దు గూకాక కుప్ప చేసి, మంచు పడకుండా పైన నల్ల పట్టా కప్పుతాడు. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతాడు, తలకాయంత రాళ్లు. సగం రోడ్డు అదే. ఆ రాళ్లు ఆరబోసిన చోట పెట్టడం తప్పే, నేను కాదనను. కానీ మీరు ఒంటిగంటకి అటు వస్తారని ఆయన కలగనలేదు.

మూడేళ్ల కింద నవంబరులో ఇలాగే అయింది. మేం ఆరు బైకులం. నేను పొద్దున ఆరింటికి బయల్దేరదామన్నా, ఐదుగురు ఒప్పుకోలేదు, నేనూ మొహమాటానికి సరే అన్నా. ఆ మొహమాటానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటా. ధారూర్ దాటాక, మూడు కావస్తోంది. ముందున్న అబ్బాయి చివరి క్షణంలో కుప్ప చూసి పక్కకి కోశాడు, తప్పించుకున్నాడు. రెండోవాడు ముందువాడి టెయిల్ లైటునే చూస్తూ వస్తున్నాడు. వాడికి కుప్ప కనపడలేదు, టెయిల్ లైటు పక్కకి జరగడం మాత్రమే కనపడింది. ముందు చక్రం రాయినెక్కింది. చప్పుడు అందరికంటే వెనక ఆరో బైకు మీదున్న నాకు వినపడింది, ఎవరో రేకు డబ్బాని గోడకేసి కొట్టినట్టు.

కుప్ప పక్కన నులక మంచం మీద పడుకున్న రైతు టార్చి లైటుతో లేచొచ్చాడు. అరుస్తాడేమో అనుకున్నా. "దెబ్బ తాకిందా బిడ్డా? ఇంత రాత్రి ఏడికి పోతున్రు?" అన్నాడు. మావాళ్ల దగ్గర చెప్పడానికి జవాబు లేదు. సూర్యోదయం చూడ్డానికి అని ఆయనకి ఎలా చెప్తాం? ఆయన రోజూ చూస్తాడు. ఊళ్లోంచి తన తమ్ముడి ఆటో పిలిపించి మమ్మల్ని వికారాబాద్ పంపించింది ఆయనే. కాలర్ బోన్ విరిగింది, అల్లాయ్ వీల్ చీలింది. హెల్మెట్ కుడి పక్క అంతా తారు గీతలు. ఆ హెల్మెట్ లేకపోతే ఈ కథ ఇంత తేలిగ్గా రాసేవాణ్ని కాదు.

ఇది దురదృష్టం కాదు, లెక్క. గంటకి అరవైలో వెళ్తుంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం. ఏదో ఉందని కన్ను చూసి, బుర్రకి తట్టి, చెయ్యి బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను. అంటే 25 మీటర్లు బ్రేకు పడకముందే అయిపోయాయి. బ్రేకు పడ్డాక, రోడ్డు పొడిగా ఉంటేనే, ఇంకో 23 మీటర్లు. మొత్తం 48. ఎనభైలో అయితే 74 దాకా పోతుంది. లో బీమ్‌లో నల్ల పట్టాలాంటిది కనపడేది ముప్పై నలభై మీటర్లలోపే. అంటే అరవైలో కూడా, కనపడ్డాక ఆపడానికి చోటు లేదు. ఇందులో వాదించడానికి ఏముంది?

వాదిస్తారు. "హై బీమ్ వేస్తాం అన్నా." ఎదురుగా లారీ వచ్చినప్పుడు? అది దాటిపోయాక కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడే ఆ కొన్ని సెకన్లలో? మలుపులో మీ లైటు చేలోకి పోతుంది, రోడ్డు మీదకి కాదు. "ఫాగ్ లైట్లు పెట్టించుకుంటాం." పెట్టించుకోండి, నాకు బేరమే. నల్ల పట్టా ఎంత వెలుగునైనా మింగేస్తుంది. "ఏబీఎస్ ఉంది." ఏబీఎస్ చక్రం లాక్ అవకుండా చూస్తుంది, అంతే. వడ్ల మీద టైరుకి రోడ్డే అందదు, గింజలు బేరింగ్ గోళీల్లా దొర్లుతాయి. పగలైనా సరే వడ్ల మీదకి ఎక్కాల్సి వస్తే ముందే వేగం తగ్గించుకోండి, హ్యాండిల్ తిన్నగా పెట్టండి, గింజల మీద ఉన్నంతసేపూ ముందు బ్రేకు జోలికి పోకండి.

ఇంక నిద్ర. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య ఒళ్లు నిద్రే కోరుకుంటుంది, టీ తాగినా, పాటలు పెట్టుకున్నా. వారమంతా ఆఫీసు చేసి, శుక్రవారం సర్దుకుని, నిద్ర లేకుండా బండెక్కుతారు. మూడు సెకన్లు కన్ను మూతపడితే అరవైలో యాభై మీటర్లు. కారులో ఉన్నవాడు పక్క సీటు వాడితో మాట్లాడతాడు, బైకు మీద హెల్మెట్‌లో ఒక్కడే ఉంటాడు.

శ్రీశైలం దారిలో అయితే మీరు అనుకున్నా కుదరదు. మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు వదలరు, అది అమ్రాబాద్ పులుల అడవి. అక్కడ గేటు ముందు మూడు గంటలు చలిలో కూర్చున్న బ్యాచులు నాకు తెలుసు. నన్నడిగితే అలాంటి గేటు అన్ని ఊళ్ల రోడ్లకీ పెట్టాలి.

"ముందున్నవాణ్ని వదలకుండా పట్టుకోవాలి, లేకపోతే దారి తప్పుతాం" అనేది ఇదే రోగానికి ఇంకో పేరు. మాకు ఇప్పుడు ఒక పద్ధతి ఉంది. ఎవరూ ముందువాడి కోసం పరిగెత్తరు, ఎవరికి వాళ్లు వెనకవాడి బాధ్యత తీసుకుంటారు. మలుపు వస్తే అక్కడే ఆగి, వెనకవాడు కనపడ్డాకే కదలాలి. సిగ్నల్ లేకపోయినా ఎవరూ తప్పిపోరు.

దారి సంగతి ఇంత చెప్పాను గానీ, టెంటులో పడుకున్నాక ప్రాణం తీసేది ఇంకొకటుంది. చలికి బొగ్గుల కుంపటి లోపల పెట్టుకోవడం. "నిప్పు ఆరిపోయింది, పొగ రావట్లేదు, ఏం కాదు" అంటారు. పొగ లేకపోవడమే ప్రమాదం. ఎర్రగా కనకనలాడే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, దగ్గు కూడా రాదు. తలనొప్పి, కాస్త వాంతి వచ్చినట్టు, ఆ తర్వాత నిద్ర. ఆ నిద్రలోంచి లేవరు. జిప్పు కొంచెం తెరిచి ఉంచామంటే చాలదు. గ్యాస్ స్టవ్ అయినా అంతే, వంట బయటే.

లంబసింగి, వంజంగి వైపు డిసెంబరులో వెళ్లేవాళ్లకి చలి భయం ఉండటం న్యాయమే. అయితే చలి పైనుంచి కంటే నేల నుంచి ఎక్కువ వస్తుంది. ఒంటి మీద మూడు దుప్పట్లు కప్పుకుని కింద పల్చటి షీటు వేసుకుంటే వణుకు తప్పదు. మందం చాప ఒకటి కింద వేయండి. నేనైతే మా తాత గొంగడి తీసుకెళ్తా, సగం కిందకి, సగం పైకి. స్టీలు బాటిల్లో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, సాక్సులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకుంటే చాలాసేపు వెచ్చగా ఉంటుంది.

నది మధ్య ఇసుక తిన్నె మీద టెంటు వేస్తే ఫొటో బాగుంటుంది, నీళ్లు మోకాలి లోతే కదా అంటారు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో దిగిన మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు కూడా అలాగే అనుకుని ఉంటారు. పైన లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. పైన డ్యామ్ ఉన్న ఏ నదైనా ఇంతే, ఇక్కడ వాన లేకపోయినా నీళ్లు వస్తాయి. గట్టు మీద, పాత నీటి గీతకి పైన వేసుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. టెంటు చుట్టూ ఉప్పు, వెల్లుల్లి, కార్బాలిక్ యాసిడ్ చల్లితే పాములు రావన్నది ఉత్త మాట. జిప్పు పూర్తిగా వేయండి, బూట్లు లోపల పెట్టుకోండి, రాత్రి బయటకి వెళ్తే టార్చి. కట్లపాము కాటు నొప్పే ఉండకపోవచ్చు, కాబట్టి అనుమానం వచ్చినా చాలు, కట్టు కట్టకుండా, కొయ్యకుండా, కదలనీయకుండా నేరుగా ఆసుపత్రికి. మట్టి రోడ్డు కదా అని గాలి తగ్గించకండి, మన గుంతలకి రిమ్ము వంగుతుంది. ఎంత గాలి కొట్టాలో చైన్ కవర్ మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కరు ఉంటుంది, వెనక మనిషి ఉంటే వెనక టైరుకి వేరే అంకె. పెద్ద బైకే కావాలన్నది షోరూమ్ వాళ్ల మాట. మా బ్యాచ్‌లో ఒకాయన వంద సీసీ బండి మీద ఐదేళ్లుగా వస్తున్నాడు, పెట్రోలు ఖర్చు మా అందరిలో ఆయనకే తక్కువ. దారిలో ఎవరైనా పడి ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు మెడకి చుట్టుకుంటుందన్న భయం కూడా వదిలేయండి. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ పెట్టిందే సాయం చేసినవాళ్లని కాపాడటానికి. ఆ రాత్రి మమ్మల్ని పంపించిన రైతుకి ఈ సెక్షన్ సంగతి తెలియదు. ఆయన ఆలోచించను కూడా లేదు.

ఇన్ని చెప్పాక భయపడేవాళ్లకి ఒక మాట. పోయిన నెల ఒకమ్మాయి స్కూటీ మానేసి కొత్తగా బైకు కొనుక్కుని వచ్చింది, మొదటి క్యాంపింగ్. కాగితం మీద ఇరవై ప్రశ్నలు రాసుకొచ్చింది. పంచరైతే, చైన్ తెగితే, గేరు కేబుల్ పోతే, వాన వస్తే, వెనకబడితే అందరూ విసుక్కుంటే. షాపులో కుర్రాళ్లు నవ్వారు, వాళ్లని లోపలికి పొమ్మన్నా. ఇన్ని ప్రశ్నలు రాసుకున్న మనిషి రోడ్డు మీద పడటం నేను ఇంతవరకు చూడలేదు. మీ బండికి గేరు కేబులే ఉండదమ్మా, క్లచ్ కేబులుంటుంది అని చూపించి, కొత్తది ఒకటి పాతదాని పక్కనే టేపుతో కట్టి పెట్టా, తెగితే రెండు కొసలు మార్చుకోవడమే. పంచర్ కిట్టు వాడటం షాపులోనే పాత టైరు మీద రెండుసార్లు చేయించా. వాళ్లమ్మగారు ఫోన్ చేశారు. "బాబూ, రాత్రిపూట పోరు కదా?" అని ఒక్కటే ప్రశ్న. పొద్దున ఆరున్నరకి టీ తాగి బయల్దేరతాం, చీకటి పడేలోపు టెంట్లు వేసేస్తాం అని చెప్పా. సాయంత్రం ఐదింటికి కోట్‌పల్లి గట్టు మీద నుంచి ఆవిడకి ఫొటో వెళ్లింది. సూర్యోదయం కాదు, అస్తమయం. అదీ బాగానే ఉంది.