నక్షత్రం ఎవరిది?

నెల్లూరు జిల్లాలో కండలేరు క్రీకు (సముద్రపు పాయ) పక్కన రొయ్యల చెరువులకు హద్దులుంటాయి గానీ నీళ్లకుండవు. ఒకరు తూము తీసి వదిలిన నీళ్లు క్రీకులో కలుస్తాయి, పోటుతో వెనక్కొచ్చి పక్కవాళ్ల మోటారుకెక్కుతాయి. 1994 ప్రాంతంలో తెల్లమచ్చ తెగులు నెల్లూరు తీరంలో టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టినప్పుడు దానికి దొరికిన దారుల్లో ఇదొకటి. 2009 తర్వాత వెనామీ అనే రొయ్య రకం వచ్చింది. క్రీకు మాత్రం అదే.

ఆ వెనామీ విదేశీ దుకాణం చేరేసరికి సంచి మీద పర్యావరణ ముద్ర పడి ఉండొచ్చు. దాన్ని ఎంతవరకు నమ్మాలి?

బీఏపీ (బెస్ట్ ఆక్వాకల్చర్ ప్రాక్టీసెస్) ముద్రనే తీసుకుందాం. దాని మీద 1 నుంచి 4 వరకు నక్షత్రాలుంటాయి. స్టార్ హోటళ్లకు అలవాటుపడ్డ కళ్లకు అవి నాణ్యత మార్కుల్లా కనిపిస్తాయి. కానీ ఒక నక్షత్రమంటే ప్రాసెసింగ్ ప్లాంటు వరకే తనిఖీ జరిగిందని అర్థం. రెండుంటే ప్లాంటుతోపాటు చెరువు కూడా. మూడోది హేచరీకో (రొయ్య పిల్లల్ని పుట్టించే చోటు) మేత మిల్లుకో, నాలుగుంటే అన్నిటికీ. ఒంటి నక్షత్రం సంచిలోని రొయ్య ఎలాంటి చెరువులో పెరిగిందో, ఆ చెరువు నీళ్లు ఎటు పోయాయో ఆ ముద్ర చెప్పదు.

2010లో పుట్టిన ఇంకో ముద్ర ఏఎస్‌సీ (ఆక్వాకల్చర్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్) చెరువు గట్టుదాకా వస్తుంది. 1999 తర్వాత మడ అడవి కొట్టి తవ్విన చెరువుకు ముద్ర ఇవ్వదు. నా లెక్కలో ఇది గట్టి నిబంధన, ఎందుకంటే పాత ఉపగ్రహ చిత్రాలు తిరగేస్తే నిజం తేలిపోతుంది. యాంటీబయోటిక్ అవశేషాలూ ల్యాబ్‌లో పట్టుబడతాయి (వెతికితేనే అనుకోండి). మేత లెక్కలు, నీళ్లు వదిలిన తేదీలు మాత్రం చెరువు దగ్గర పుస్తకంలో రాసుకున్నవే. పైగా తనిఖీ సంస్థకు ఫీజు కట్టేది తనిఖీ చేయించుకునేవాళ్లే. తనిఖీదారులొచ్చే రోజు చాలాసార్లు ముందే తెలుస్తుంది. పెళ్లిచూపుల నాటి ఇల్లులా ఆ పూట గట్టు శుభ్రంగానే ఉంటుంది.

ఇదంతా సరిచేసినా ఒక చిక్కు మిగులుతుంది. మేతలోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది సుమారుగా పావు నుంచి మూడో వంతు. మిగతాది నీళ్లలోకి, అడుగు బురదలోకి పోతుంది. ఒక చెరువు నిబంధన ప్రకారం కాస్త వదిలితే క్రీకు ఓర్చుకుంటుంది. ఆ కాస్తే వందల చెరువులు వదిలితే? ముద్ర ఇచ్చేది చెరువుకు, మొత్తం క్రీకుకు కాదు.

రెండెకరాల రైతుకు తనిఖీ ఖర్చే మోయలేని బరువు. ఆయన గట్టు మీదికొచ్చే ఏజెంటు కౌంటు చూసి ధర కడతాడు, కిలోకు 30 తూగితే ఒకటి, 100 తూగితే ఇంకొకటి. ఆ బేరంలో నక్షత్రాల ఊసే రాదు.